బావ పేరులో ఒక 'హెచ్'

అక్కకి ఐర్లాండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "అక్కడ చలి ఎక్కువా?" మాది డుంబ్రిగుడ మండలం. డిసెంబర్ తెల్లవారుజామున మంట దగ్గర నుంచి కదలని జనం మేము. అలాంటి వాళ్లు చలి గురించి భయపడుతుంటే అక్క నవ్వేసింది. "మనకంటే కొంచెం ఎక్కువ. అంతే" అంది.

ఇంకో ప్రశ్న రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ నుంచి మెయిల్లో వచ్చింది. పాపని కూడా తీసుకెళ్తున్నారు కదా, తండ్రి అనుమతి పత్రం ఏది?

పాప తండ్రి, అంటే మా బావ, 2022 ఆగస్టులో పోయాడు. ముప్పై మూడేళ్లు. అరకు వచ్చే టూరిస్టుల్ని చాపరాయికీ, బొర్రా గుహలకీ తిప్పే జీపు నడిపేవాడు. ఆ రాత్రి ఛాతీలో మంటగా ఉందని సోడా తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు. ఆసుపత్రి లేదు, పోలీసుల్లేరు, పోస్టుమార్టం లేదు. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది.

ఆయన లేరని రాసి పంపాం. గంటలో జవాబు వచ్చింది. అయితే డెత్ సర్టిఫికెట్‌ని అపోస్టిల్ చేయించి పంపండి.

అపోస్టిల్ అంటే ఏంటో తర్వాత చూద్దాం. మా దగ్గర అసలు డెత్ సర్టిఫికెట్టే లేదు.

ఏం, ఇంట్లో ఒక ఇంజినీరు, ఒక నర్సు ఉండి ఆ మాత్రం చేయించుకోలేదా అని మీరు అడగొచ్చు. న్యాయమే. కానీ బావ పేరు మీద పొలం లేదు, బీమా లేదు. బ్యాంకులో రెండు మూడు వేలుంటే వాటి కోసం ఎవరూ పరిగెత్తలేదు. అక్క పదకొండో రోజున విశాఖలో డ్యూటీకి వెళ్లిపోయింది. నేను హైదరాబాద్ వచ్చేశాను. "పోయిన మనిషికి కాగితమెందుకురా" అంది అమ్మ. నిజంగానే అప్పుడు ఎవరికీ అవసరం కనిపించలేదు.

చట్టం మాత్రం వేరే లెక్కలో ఉంటుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ఇంట్లో ఎవరైనా చనిపోతే 21 రోజుల్లోపు ఇంటివాళ్లే చెప్పాలి. ఊళ్లలో అయితే పంచాయతీ కార్యదర్శికి చెబితే చాలు, ఫీజు కూడా లేదు. 21 దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము కట్టాలి. నెల దాటి ఏడాదిలోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటిందంటే మాత్రం పంచాయతీ చేతిలో ఏమీ ఉండదు. మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉంటేనే రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. మాకు ఏడాదిన్నర దాటింది.

ఒక్క చోట కాలం కలిసొచ్చింది. ఇంతకుముందు ఈ ఉత్తర్వు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఇచ్చేవారు. 2023లో చట్టాన్ని సవరించారు, అది ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఇవ్వొచ్చు. మా భాషలో చెప్పాలంటే కోర్టు మెట్లు తప్పాయి, హుకుంపేట మీదుగా పాడేరు బస్సు మాత్రం తప్పలేదు.

2024 ఫిబ్రవరిలో వారం సెలవు పెట్టి ఊరెళ్లాను.

ఏ తేదీన పోయాడు?

మొదటి ఫారంలో మొదటి గడి: మరణించిన తేదీ. ఇంట్లో అరుగు మీద కూర్చుని అడిగాను. "వరినాట్లు అయిపోయాక" అన్నాడు చిన్నాన్న. "చవితికి ముందు ఆదివారం" అన్నాడు ఊరి బారికి. చావు కబురు పక్క ఊళ్లకి మోసుకెళ్లింది ఆయనే కాబట్టి ఆయన మాట మీద అందరికీ నమ్మకం. తేదీ మాత్రం ఎవరికీ గుర్తు లేదు. అక్కకి కూడా.

నా వాట్సాప్‌లో పాత చాట్ వెతికాను. చిన్నాన్న పంపిన వాయిస్ మెసేజ్, 28 ఆగస్టు 2022, ఉదయం 5:52. క్యాలెండర్ చూస్తే ఆ వారం బుధవారం వినాయక చవితి. బారికి చెప్పిన ఆదివారం అదే. ఆ మెసేజ్ నేను మళ్లీ ప్లే చేయలేదు. స్క్రీన్ మీద తేదీ చూసి రాసుకున్నాను.

వాట్సాప్‌ని ఏ ఆఫీసూ సాక్ష్యంగా తీసుకోదు. ఆశా కార్యకర్త నోటుపుస్తకం మమ్మల్ని కాపాడింది. ఆ నెల ఊళ్లో పుట్టినవాళ్లు, పోయినవాళ్ల పేర్లు పెన్సిల్‌తో రాసుకుంది ఆవిడ. బావ పేరు, 28/8. మా ఇంట్లో ఇద్దరు చదువుకున్నవాళ్లం చేయని పని ఆవిడ ఎవరూ అడక్కుండానే చేసి పెట్టింది.

తర్వాతదంతా తిరుగుడే. ఈ మరణం రిజిస్టర్‌లో లేదని పంచాయతీ నుంచి ఒక కాగితం. నోటరీ అఫిడవిట్. ఇద్దరు సాక్షుల వాంగ్మూలం. తహశీల్దార్ ఆఫీసు విచారణ. ఆ ఫైలు పాడేరు వెళ్లి ఉత్తర్వుతో తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. ఏప్రిల్ మొదటి వారంలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. నేను హైదరాబాద్ నుంచి వచ్చేలోపు అమ్మ దాన్ని లామినేషన్ చేయించేసింది! ముప్పై రూపాయలిచ్చి, జాగ్రత్త కోసం. లామినేట్ చేసిన కాగితం మీద ఎవరూ ముద్ర వేయలేరు కదా. ఇంకో కాపీ తీసుకున్నాను. ఒకసారి రిజిస్టర్‌లో ఎక్కాక కాపీ తీసుకోవడం పెద్ద పని కాదు.

తాళం బొమ్మ లాంటిదే

ఇప్పుడు అపోస్టిల్ సంగతి. ఒక దేశంలో ఇచ్చిన కాగితం ఇంకో దేశంలో ఎవరు నమ్మాలి? డబ్లిన్‌లో కూర్చున్న ఆఫీసర్‌కి మా పంచాయతీ కార్యదర్శి సంతకం ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? దీనికోసమే 1961 అక్టోబర్ 5న హేగ్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. సభ్యదేశాలు ఒకరి కాగితాలు ఇంకొకరు ఒక్క ముద్రతో ఒప్పుకోవాలి, ఎంబసీల చుట్టూ తిప్పకూడదు. ఆ ముద్రే అపోస్టిల్. మన దేశంలో ఇది 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. మన విదేశాంగ శాఖ దాన్ని స్టిక్కర్‌గా కాగితం వెనక అంటిస్తుంది. దాని మీది నంబర్‌ని ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు.

విదేశాంగ శాఖకి కూడా మా కార్యదర్శి సంతకం తెలియదు. అందుకే ముందు రాష్ట్ర ప్రభుత్వం ధృవీకరించాలి. జనన, మరణ, వివాహ పత్రాలకి హోం లేదా సాధారణ పరిపాలన శాఖ ఆ పని చేస్తుంది. మనకి సచివాలయం వెలగపూడిలో. కింది సంతకం నిజమని రాష్ట్రం చెబుతుంది, రాష్ట్రం సంతకం నిజమని కేంద్రం చెబుతుంది, కేంద్రం స్టిక్కర్‌ని ఐర్లాండ్ నమ్ముతుంది.

ఇది చదవగానే నాకు నవ్వొచ్చింది. నేను రోజూ ఆఫీసులో చేసేది ఇదే. మీరు ఫోన్లో బ్యాంకు సైటు తెరిస్తే కొన్ని బ్రౌజర్లలో చిరునామా దగ్గర తాళం గుర్తు ఉంటుంది కదా, దాని వెనక కూడా ఇలాంటి గొలుసే. ఒక సర్టిఫికెట్‌కి ఇంకోటి పూచీ, దానికి ఇంకోటి. కానీ ఆ తాళం సైటు మంచిదని చెప్పదు. అవతల ఉన్నది ఆ పేరున్న సైటే అని మాత్రం చెబుతుంది. అందులో రాసిందంతా అబద్ధమైనా తాళం తాళమే. అపోస్టిల్‌కి ఒప్పందంలో ఒక నమూనా ఉంది. పది అంశాలు: ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి ముద్ర, ఎక్కడ, ఎప్పుడు... ఆ పదిలో ఒక్కటి కూడా 'లోపల రాసింది నిజమే' అని అనదు.

ఈ ముక్క నాకు బాగా తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

అమీర్‌పేటలో ఒక ఏజెంట్ అన్నీ కలిపి పన్నెండు వేలు అడిగాడు. విదేశాంగ శాఖ అపోస్టిల్ ఫీజు 50 రూపాయలు. కాగితాలు తీసుకునే పనిని శాఖ కొన్ని సంస్థలకి అప్పగించింది, వాళ్ల సర్వీసు చార్జీ కొంచెం అదనం. వెలగపూడి వరకు బస్సు టికెట్లు, భోజనం వేసుకున్నా రెండు వేలు దాటలేదు. నేనే తిరిగాను. మే మొదట్లో స్టిక్కర్‌తో కాగితం వచ్చింది. స్కాన్ చేసి పంపి, ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి "అయిపోయిందే" అన్నాను.

మా రూమ్మేట్‌ది రాయచోటి. వాళ్ల చిన్నాన్న కువైట్‌లో ఉంటాడు. "మీకు ఒక్క స్టిక్కరే కదరా, అదృష్టవంతులు" అన్నాడు. కువైట్, ఖతార్, యూఏఈ నేను తిరిగే నాటికి ఈ ఒప్పందంలో లేవు. అక్కడికైతే విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశం ఎంబసీ, అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ కూడా ముద్ర వేయాలి. సౌదీ 2022 డిసెంబర్‌లో చేరింది, కెనడా 2024 జనవరిలో. గల్ఫ్ దారి పట్టిన ఇళ్లలో ఇవన్నీ అమ్మమ్మలకి కూడా తెలుసు. మా కొండల్లో మేమే మొదటివాళ్లం.

నాలుగో రోజున ఏజెన్సీ నుంచి మెయిల్. డెత్ సర్టిఫికెట్‌లో పేరు, పాప బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకటి కాదు.

తెలుగులో ఒకటే. ఇంగ్లీషులో బావ ఇంటిపేరు మధ్యలో 'త' ఉంది. పాప బర్త్ సర్టిఫికెట్‌లో, అక్క పాస్‌పోర్టులో భర్త పేరు దగ్గర, టీ పక్కన హెచ్ ఉంది. డెత్ సర్టిఫికెట్‌లో లేదు. ఎవరు తప్పు చేశారా అని నేను దరఖాస్తు కాపీ తీసి చూశాను. నా చేతిరాతే. ఆ రోజు ముందున్నది రేషన్ కార్డు, దాన్ని చూసి దించేశాను. పంచాయతీ నేను రాసిందే ఎక్కించింది. రాష్ట్రం, కేంద్రం ఆ సంతకాలు నిజమేనని చెప్పాయి. అన్నీ నిజమే. పేరు ఒక్కటే తప్పు.

అక్క జూన్ చివర్లో చేరాలి. పాప వీసా లేకపోతే అక్క ఒక్కతే వెళ్లాలి, పాప అమ్మ దగ్గర ఉండాలి. ఎన్నాళ్లో తెలీదు. ఆ రాత్రి అక్క ఫోన్లో నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

రెండు దారులున్నాయి. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాయించి, దానికీ అపోస్టిల్ వేయించడం ఒకటి. త్వరగా అవుతుంది, కానీ వీసా ఆఫీసర్ ఒప్పుకుంటారని గ్యారంటీ లేదని ఏజెన్సీ చెప్పింది. రిజిస్టర్‌లోనే సరిచేయించి మొత్తం మళ్లీ మొదలుపెట్టడం ఇంకోటి. నేను మొదటిదే అన్నాను. అక్క కాసేపు ఆగి, "ఆయన డ్రైవింగ్ లైసెన్సు నా దగ్గరుంది. సంతకం చూస్తున్నా. హెచ్ వేసే రాశాడు. చచ్చిపోయాక మనం తీసేస్తామేంట్రా" అంది.

సరిచేయడానికి చట్టంలో 15వ సెక్షన్ ఉంది. దానికింద రిజిస్టర్‌లో పాత రాతని కొట్టేయరు, వైట్‌నర్ పూయరు. అది అలాగే ఉంటుంది. పక్కన మార్జిన్‌లో సరైన పేరు రాసి, రిజిస్ట్రార్ సంతకం పెట్టి తేదీ వేస్తారు. కోడ్ రాసేవాళ్లకి ఇది అర్థమవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చరిత్ర పోకూడదు. నేను చేసిన తప్పు ఆ పుస్తకం ఉన్నంతకాలం అక్కడే ఉంటుంది. కార్యదర్శి లైసెన్సు, పాప బర్త్ సర్టిఫికెట్, ఆధార్ అన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ చదివించారు. "ఇప్పుడు చెప్పండి సార్, కరెక్టేనా?" నాకు సిగ్గేసింది. మొదటిసారి నేను చేయాల్సిన పని అదే.

అక్కడ నుంచి మళ్లీ వెలగపూడి, మళ్లీ హైదరాబాద్. కౌంటర్‌లో అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "మొన్న ఇదే కదా ఇచ్చారు?" అంది. హెచ్ చూపించాను. తల ఊపి స్టాంపు కొట్టింది. రెండో స్టిక్కర్ జూన్ రెండో వారంలో వచ్చింది. అక్క చేరాల్సిన తేదీని ఆసుపత్రి వాళ్లు మూడు వారాలు వెనక్కి జరిపారు. జులైలో తల్లీ కూతురూ కలిసే విమానం ఎక్కారు. అమ్మ ఎయిర్‌పోర్టుకి రెండు కిలోల అరకు కాఫీ పొడి తెచ్చింది. సూట్‌కేసులో ఒక కిలోకే చోటు దొరికింది.

హెచ్ లేని మొదటి కాగితం నా దగ్గరే ఉంది, స్టిక్కర్‌తో సహా.

పోయిన నెల ఊళ్లో మా పక్కింటి తాత పోయాడు. నాలుగో రోజున వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, పంచాయతీలో కూర్చున్నా. ఫారం ముందుంది. తాత పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలి?"

"ఆధార్ చూడు" అన్నాను.

"ఆధార్‌లో ఒకలా ఉంది. నాన్న టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంది."

"ఆగు, ఏమీ రాయకు. రెండూ ఫోటో తీసి పంపు. ఇంకా పదిహేడు రోజులు టైముంది."