మీకు తెలుసా? సుబ్బారావుగారి ఇంటిని కుదిపిన పేగు జబ్బు

భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బట్టకట్టారు. తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి 1945లో లోకానికి చెప్పింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందైంది! కథల్లో కూడా ఇంత చక్కగా కుదరదు.

ఈ జబ్బులో చిన్నపేగు లోపలి చూషకాలు అరిగి చదునవుతాయి. తిన్నది ఒంటికి పట్టదు. జిడ్డుగా, పాలిపోయిన విరేచనాలు వారాల తరబడి సాగుతాయి. నాలుక పూస్తుంది, మనిషి చిక్కిపోతాడు. అయితే పేగు క్షయ, జియార్డియా, గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా దాదాపు ఇలాగే కనిపిస్తాయి. అందుకే మల, రక్త పరీక్షలతో పాటు ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూస్తారు. స్ప్రూ అని తేలితే ఫోలిక్ ఆమ్లం, కావలసినవారికి బి12, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ నెలల తరబడి ఇస్తారు. రక్తం, నాలుక త్వరగా కోలుకుంటాయి. పేగు కోలుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది.

ఫోలిక్ ఆమ్లం తిండిలో ఫోలేట్ రూపంలో ఉంటుంది. అనంతపురం కరవు సీమలో, బత్తలపల్లె చుట్టుపక్కల చేలల్లో పండే శెనక్కాయల పచ్చి పప్పులో 100 గ్రాములకు సుమారు 240 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటుంది. అలాగని గుప్పెడు పప్పుతో స్ప్రూ నయం కాదు. పేగే పీల్చుకోకపోతే తిండి ఏం చేస్తుంది?

ఇంకో విచిత్రం: ఫోలేట్ పనికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ కూడా ఆ లెడర్లీ పరిశోధనల్లోంచి వచ్చిందే. క్యాన్సర్‌తో పాటు క్రోన్స్ అనే పేగు వ్యాధికీ దాన్ని వాడుతున్నారు.