గాయం మానాక మచ్చ ఏమవుతుంది?

మౌలాలి పారిశ్రామికవాడలో వెల్డింగ్ పని చేసేవారి ముంజేతుల మీద నిప్పురవ్వలు పడిన చోటల్లా చిన్న చిన్న గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. కొత్తవి ఎర్రగా, కొన్ని నెలల నాటివి నల్లగా, ఏళ్లు దాటినవి తెల్లగా పాలిపోయి ఉంటాయి. బండి సైలెన్సర్ తగిలి పిక్క కాలిన పిల్లలు, మరిగే నూనె చిట్లి చేయి కాల్చుకున్న మిర్చిబజ్జీల బండివారు ఇక్కడ ఏ వీధిలోనైనా ఉంటారు. పక్కు ఊడిపోగానే గాయం మానిందని అందరూ ఆ సంగతి మరచిపోతారు. నిజానికి లోపలి పని అప్పటికి సగం కూడా పూర్తికాదు. పైచర్మం మూసుకున్నాక ఏడాది నుంచి రెండేళ్ల దాకా మచ్చ మారుతూనే ఉంటుంది. దాన్ని మంచి దారిలో పెట్టగల అవకాశం ఉన్నది కూడా ఆ కాలంలోనే.

ప్రతి గాయమూ మచ్చగా మిగలదు. పైపొర అయిన బాహ్యచర్మం మాత్రమే గీరుకుపోతే కొత్త కణాలు పుట్టి, ఆనవాలు లేకుండా మానుతుంది. గాయం దాని కింద ఉన్న అంతశ్చర్మంలోకి, సుమారు అర మిల్లీమీటరుకు మించి దిగితే మచ్చ పడుతుంది. అంతశ్చర్మానికి బలమిచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. మామూలు చర్మంలో ఇవి వెదురు తడకలోని బద్దల్లా ఒకదానిలోంచి ఒకటి దూరి అల్లుకుని ఉంటాయి. అందుకే చర్మం ఎటు లాగినా సాగి మళ్లీ సర్దుకుంటుంది. గాయమైన చోట ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు అంత తీరిక ఉండదు. క్రిములు చొరబడకముందే ఖాళీని పూడ్చాలి కాబట్టి పోగులను ఒకే దిశలో దట్టంగా పరిచేస్తాయి. ఆ చోట వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు తిరిగి పుట్టవు. పాత మచ్చ నున్నగా మెరుస్తూ, ఎండలో కూడా చెమర్చకుండా ఉండేది అందుకే.

గాయపడిన తొలి రోజుల్లో రక్తం గడ్డకడుతుంది, వాపు వస్తుంది, తెల్లరక్తకణాలు చేరి చచ్చిన కణజాలాన్ని తొలగిస్తాయి. తర్వాత కొన్ని వారాల పాటు కొత్త రక్తకేశనాళికలు, కొత్త కొల్లాజెన్ పుడతాయి. మూడో దశ సవరణ దశ. తొందరలో వేసిన సన్నటి మూడో రకం కొల్లాజెన్‌ను శరీరం కరిగించి, దాని స్థానంలో గట్టిదైన మొదటి రకాన్ని నింపుతుంది. గాయపడిన వారానికి ఆ చోటి బలం మామూలు చర్మపు బలంలో 3 శాతమే. మూడు వారాలకు 20 శాతం, మూడు నెలలకు దాదాపు 80 శాతం అవుతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా అంతకు మించదు. కుట్లు విప్పిన వారానికే బరువులెత్తితే మచ్చ వెడల్పవడానికి కారణం ఇదే.

కొత్త మచ్చ మీద పారదర్శకమైన గాజు గ్లాసు అడుగు ఆనించి నొక్కి చూడండి. ఎరుపు పోయి పాలిపోతే అది రక్తనాళాల ఎరుపు. అవసరం తీరిన నాళాలు మూసుకుపోయే కొద్దీ, అంటే కొన్ని నెలల్లో, అది దానంతటదే తగ్గుతుంది. ఎంత నొక్కినా పోకుండా గోధుమ రంగు, నలుపు మిగిలితే అది మెలనిన్. మన చామనఛాయ చర్మంలో వాపు వచ్చిన చోటల్లా మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. దాన్ని ఎండ మరింత ముదురు చేస్తుంది. అందుకే బయట తిరిగేవారు కొత్త మచ్చ మీద కనీసం ఏడాది పాటు నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, లేదా ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోవాలి. రంగు కణాలే కాలిపోయిన లోతు గాయాల్లో మచ్చ తెల్లబడుతుంది. పూతమందులతో ఆ రంగు తిరిగి రావడం కష్టం.

కొన్ని మచ్చలు వెలిసిపోవడానికి బదులు లేస్తాయి. గాయం హద్దుల్లోనే ఎత్తుగా, ఎర్రగా, దురదగా లేచేది ఉబ్బు మచ్చ. ఇది ఏడాదీ రెండేళ్లలో చాలావరకు అణుగుతుంది. హద్దు దాటి పక్క చర్మంలోకి పాకేది కీలాయిడ్. చెవి కుట్టించుకున్న తమ్మె మీద, టీకా వేసిన భుజం మీద, మొటిమ వచ్చిన ఛాతీ మీద ఇది ఎక్కువ. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో, కొన్ని కుటుంబాల్లో తరచుగా వస్తుంది. కాలం గడిచినా సాధారణంగా తగ్గదు. కోసి తీసేస్తే పోతుందనుకోవడం పొరపాటు. ఇంకే చికిత్సా జోడించకుండా కోసినవాటిలో సగం దాకా, ఒక్కోసారి అంతకు మించి, తిరిగి వస్తాయి.

చికిత్స గాయమైన నిమిషంలోనే మొదలవుతుంది. కాలగానే ఆ భాగాన్ని 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. మూడు గంటల్లోపు ఎప్పుడు చేసినా మేలే. ఐస్ పెట్టకూడదు. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, పసుపు పూస్తే లోపలి వేడి తగ్గదు, గాయం లోతు డాక్టరుకు కనబడదు, పైగా చీము పట్టే ప్రమాదం. చీము పట్టిన గాయం ఆలస్యంగా మానుతుంది. మూడు వారాలు దాటినా మానని కాలిన గాయం ఉబ్బు మచ్చగా మారే అవకాశం చాలా ఎక్కువ. అందుకే రెండు వారాలకు మానే సూచన లేకపోతే చర్మం అతికించే శస్త్రచికిత్స గురించి ప్లాస్టిక్ సర్జన్‌ను అడగాలి. మౌలాలివారికి గాంధీ ఆసుపత్రి దూరం కాదు. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికులకు నాచారం ఆసుపత్రి, రైల్వే ఉద్యోగులకు లాలాగూడ ఆసుపత్రి ఉన్నాయి.

గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్, సిలికాన్ పట్టీల వంతు. ఇవి తేమను నిలిపి కొల్లాజెన్ అతిగా పుట్టకుండా చూస్తాయి. రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు తప్పకుండా వాడితేనే ఫలితం. పెద్ద కాలిన మచ్చలకు కొలిచి కుట్టించిన బిగుతు దుస్తులు రోజుకు 23 గంటల చొప్పున నెలల తరబడి వేసుకోవాలి. మోచేతి మడతలో, మెడ మీద, వేళ్ల మధ్య కాలితే మచ్చ కుంచించుకుపోయి కీలు వంగిపోతుంది. పని చేసుకుని బతికేవారికి రంగు కన్నా ఇదే పెద్ద నష్టం. మొదటి నుంచే స్ప్లింటు కట్టడం, వ్యాయామం, మర్దన చేస్తే చాలావరకు తప్పుతుంది.

లేచిన మచ్చల్లోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను నాలుగు నుంచి ఆరు వారాలకోసారి సూదితో ఎక్కిస్తారు. తగ్గకపోతే 5-ఫ్లోరోయురాసిల్ కలుపుతారు, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. మొండి కీలాయిడ్‌ను కోసి, వెంటనే తక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తారు. మొటిమల గుంటలకు సూదుల చికిత్స, లోపలి పోగులను తెంచే సబ్‌సిషన్, ఫ్రాక్షనల్ లేజర్ పనికొస్తాయి. అయితే మన రంగు చర్మం మీద లేజర్ తీవ్రత ఎక్కువైతే కొత్త నల్లమచ్చలు పడతాయి. అనుభవమున్న చర్మవైద్యులు లేనిచోట చేయించుకోకూడదు. మచ్చను కోసి సరిచేసే శస్త్రచికిత్సకు కీళ్లు, కనురెప్పలు ముడుచుకుపోతే తప్ప ఏడాది ఆగడమే మంచిది.

మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే, స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీముల జోలికి పోవద్దు. అవి చర్మాన్ని పలచబరుస్తాయి, మొటిమలు తెప్పిస్తాయి, ఆపగానే రంగు మళ్లీ ముదురుతుంది. మంచిదని అందరూ రాసుకునే విటమిన్ ఇ సంగతి 1999లో మయామీ విశ్వవిద్యాలయ వైద్యులు పరీక్షించారు. 15 మంది శస్త్రచికిత్స మచ్చలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికే విటమిన్ ఇ పూయించారు. 90 శాతం కేసుల్లో మేలు కనబడలేదు, కొందరికి మచ్చ ఇంకా అధ్వాన్నమైంది. మూడో వంతు మందికి చర్మం దద్దుర్లెక్కింది.

మచ్చే పడకుండా గాయం మానే రోజు వస్తుందా? తల్లి గర్భంలో సుమారు 24 వారాల లోపు శిశువు చర్మం మచ్చ లేకుండానే మానుతుంది. 2021లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు కంటి జబ్బుకు వాడే వెర్టిపోర్ఫిన్ అనే మందుతో ఎలుకల గాయాలను వెంట్రుకల కుదుళ్లు, గ్రంథులతో సహా మాన్పించారు. మనుషులకు ఇది ఇంకా చికిత్సగా రాలేదు.

ఈలోగా మన చేతిలో ఉన్నవి చల్లటి నీరు, చీము పట్టకుండా కాపాడుకోవడం, సిలికాన్, ఎండ నుంచి రక్షణ, ఓపిక. మచ్చ పూర్తిగా చెరిగిపోదు. సకాలంలో చూసుకుంటే పలచబడుతుంది, మెత్తబడుతుంది, రంగు కలుస్తుంది. ఒక్క హెచ్చరిక: ఎప్పటిదో కాలిన మచ్చ మీద పుండు లేచి వారాల తరబడి మానకపోతే అది క్యాన్సర్ కావచ్చు. పూతలతో సరిపెట్టక వెంటనే డాక్టరుకు చూపించి ముక్క పరీక్ష చేయించండి.