చాట ముందు కోపం.. బిడ్డ మీద దెబ్బ

కోరుట్ల: పసుపు తవ్వకాల రోజుల్లో పొద్దంతా చేను పని. ఇంటికొస్తే చాట ముందేసుకుని బీడీలు చుట్టాలి. పెనిమిటి గల్ఫ్‌లో. అంతలో పిల్లాడు తునికాకు చిందరవందర చేస్తే చెయ్యి లేస్తుంది. కొట్టాక ఏడ్చేదీ తల్లే. కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల్లో ఎన్నో ఇళ్ల ముచ్చట ఇది.

ఆ కోపం బిడ్డ మీదిది కాదు, ఒంటి అలసటది. చెయ్యి లేచే ముందే చాట, తంబాకు పిల్లాడికి అందకుండా పక్కన పెట్టండి. వాకిట్లోకెళ్లి నీళ్లు తాగండి. కోపం దిగాకే మాట్లాడండి. కొట్టిన రోజున ‘తప్పయింది బిడ్డా’ అంటే చిన్నతనం కాదు. నలుగురు కలిసి చుట్టేచోట వంతులవారీగా ఒకరు పిల్లల్ని చూస్తే మిగతావారికి ఊపిరాడుతుంది.

నిద్ర పట్టక, బతుకే విసుగనిపిస్తే 2022లో మొదలైన టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.