పంపేదానికి ఏజెంటు ఉండాడు, కొట్లాడేదానికి లాయరేడి?

మనుబోలు హైవే మీద ఊరు. ఇటు నెల్లూరు, అటు గూడూరు, ఇంకా కిందికి పోతే మద్రాసు విమానాశ్రయం. ఈ రోడ్డు మీద రెండు రకాల జనం దేశం దాటి పోతా ఉండారు. బ్యాంకు లోను తీసుకొని అమెరికాకు చదువుకు పోయే పిల్లోళ్లు ఒక రకం. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడోళ్లు ఇంకో రకం. మొదటోళ్లకు ఫ్లెక్సీలు కడతారు. రెండోవాళ్లు తెల్లారకముందే సప్పుడు లేకుండా బస్సెక్కుతారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటే. తమకు తెలియని చట్టం కింద, ఎవురో ముందర పెట్టిన కాయితం మీద సంతకం పెట్టి పోతా ఉండారు.

ఆ కాయితం తిరగబడితే ఎవురిని అడగాల? ఈ ప్రశ్నకు జవాబుగా అమెరికాలో ఒక ఉద్యోగమే పుట్టింది. డబ్బు లేనోళ్ల వలస కేసులు వాదించే లాయరు ఉద్యోగం అది. ఆ లాయర్లు లాభం చూసుకోని స్వచ్ఛంద సంస్థల్లో జీతానికి పని చేస్తారు. ఆ పని ఏందో తెలుసుకుంటే మన దగ్గర ఏం లేదో తెలుస్తుంది.

ముందు ఆడి చట్టం సంగతి చూద్దాం. అమెరికాలో దొంగతనం కేసులో దొరికినోడికి లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే పెట్టాల. 1963లో గిడియన్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు అట్ట చెప్పింది. కానీ దేశం నుంచి పంపించేసే కేసును వాళ్లు క్రిమినల్ కేసు కింద లెక్కేయరు, సివిల్ అంటారు. లాయరును పెట్టుకోవచ్చు గానీ ప్రభుత్వం పైసా ఇయ్యదని చట్టంలోనే రాసుండాది. అవతల ప్రభుత్వం తరఫున చదువుకున్న లాయరు నిలబడతాడు, ఇవతల భాష రాని మనిషి ఒక్కడే నిలబడాల. ఇంకో సంగతి, ఇమ్మిగ్రేషన్ కోర్టులు న్యాయశాఖ కింద నడిచేవి, మామూలు కోర్టుల మాదిరి స్వతంత్రమైనవి కావు. 2007 నుంచి 2012 దాకా నడిచిన కేసులను పరిశీలించి 2015లో ఒక అధ్యయనం అచ్చేశారు. నూటికి 37 మందికే లాయరు దొరికినాడు. నిర్బంధంలో ఉన్నోళ్లలో అయితే నూటికి 14 మందికే.

ఆ ఖాళీలో నిలబడేది ఈ సంస్థల లాయర్లు. ఫీజు తీసుకోరు, తీసుకున్నా నామమాత్రమే. పొద్దున ఒకరికి ఆశ్రయం దరఖాస్తు రాస్తారు, మధ్యాహ్నం నిర్బంధ కేంద్రంలో ఇంకొకరిని కలుస్తారు, సాయంత్రం దుబాసీని పక్కన పెట్టుకొని ఒక తల్లి వాంగ్మూలం తీసుకుంటారు. ఒక్కొక్కరి మీద పదుల కొద్దీ కేసులుంటాయి. జీతం కూడా పెద్ద కంపెనీ లాయరుతో పోలిస్తే చాలా తక్కువ. పైగా ప్రభుత్వ నిధులకు మెలికలు. ఫెడరల్ ప్రభుత్వం డబ్బుతో నడిచే న్యాయసహాయ సంస్థలు కాయితాలు లేని వలసదారుల్లో ఎక్కువమందికి వాదించకూడదని 1996లో ఆంక్ష పెట్టారు. అందుకే చందాలు, దాతల నిధులు, నగరాల డబ్బు మీద ఆధారపడతారు. న్యూయార్క్ నగరం 2013లో నిర్బంధంలో ఉన్న పేద వలసదారులకు ప్రజల డబ్బుతో లాయర్లను పెట్టే పథకం మొదలుపెట్టింది. ఆ దేశంలో అట్టాంటిది అదే మొదటిది.

మనోళ్లకు దీంతో ఏం పని అంటారా? 2019 జనవరి గుర్తు తెచ్చుకోండి. మిషిగాన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు. అమెరికా ప్రభుత్వమే వల కోసం పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. మొదటి దఫాలో పట్టుకున్న 130 మందిలో 129 మంది మన దేశపోళ్లే, అందులోనూ తెలుగు పిల్లోళ్లే ఎక్కువ. పిల్లోళ్లను చేర్పించారని ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెడితే, వాళ్లలో కూడా తెలుగోళ్లే ఎక్కువ. తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరుగులు పెట్టినాయి, మన ఎంబసీ హెల్ప్‌లైన్ తెరిచింది.

ఆ పిల్లోడి ముందు ఉండే ప్రశ్న చిన్నది కాదు. తనంతట తానే వెళ్లిపోతానని ఒప్పుకోవాల్నా, కేసు నడపాల్నా? పంపించివేత ఉత్తర్వు పడితే మామూలుగా పదేళ్లు మళ్లీ గడప తొక్కనీరు. స్వచ్ఛందంగా పోయినోడి మీద ఆ నిషేధం పడదు. కానీ తొందరపడి పోతే, వాదించి గెలిచే కేసు కూడా చేజారిపోవచ్చు. ఈ రెండింటి మధ్య తేడా చెప్పేదానికే లాయరు కావాల. పట్టుబడినోళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగానే వెళ్లిపోయినారు. కట్టిన ఫీజు కోసం కోర్టుకెక్కిన కేసు నడవొచ్చని 2024లో ఆడి అప్పీలు కోర్టు చెప్పింది. అయిదేళ్ల తర్వాత కూడా ఆ కేసు బతికుందంటే వెనక లాయరు ఉండబట్టే.

మొగుడు కొడతా ఉంటే వీసా పోతుందని నోరు మూసుకునే మన ఆడబిడ్డలకూ ఈ లాయర్లే దిక్కు. సిటిజన్‌ను, గ్రీన్‌కార్డు ఉన్నోడిని పెళ్లి చేసుకున్నామె మొగుడి సంతకం లేకుండా తానే దరఖాస్తు పెట్టుకునే దారి 1994 చట్టంలో ఉంది. నేరానికి బలైనోళ్లకు 2000 నుంచి యూ వీసా ఉంది. న్యూజెర్సీలో మానవి అనే సంస్థ 1985 నుంచి దక్షిణాసియా ఆడోళ్ల కోసం పని చేస్తా ఉంది. హక్కు చట్టంలో ఉన్నా, ఉందని చెప్పే మనిషి లేకపోతే లేనట్టే.

ఇప్పుడు కువైట్ పోయినామె సంగతి చూద్దాం. ఖద్దామా అంటాం గదా, ఆమెకూ చట్టం ఉండాది. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు. వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇయ్యాల. నెలకు కనీసం 60 దినార్లు ఇయ్యాలని 2016లో ఉత్తర్వు ఇచ్చినారు. కానీ ఆమె వీసా కఫీల్ చేతిలో ఉంటుంది. ఇంట్లోంచి బయటికొచ్చి ఫిర్యాదు చేయకముందే కఫీల్ 'పారిపోయింది' అని కేసు పెడితే, జీతం అడగాల్సినామె నేరస్తురాలైపోతుంది.

మన దేశం చట్టం కూడా చూడండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనోడు మనుషుల్ని విదేశం పంపకూడదు. పదో తరగతి పాస్ కాని ఆడమనిషి కువైట్ లాంటి 18 దేశాల్లో పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాల, 30 ఏళ్లు నిండుండాల. అది కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలని 2016లో కేంద్రం చెప్పింది. మన రాష్ట్రానికి ఆ సంస్థ ఓంక్యాప్. అట్ట పోతే 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, రెండేళ్లకు కట్టేది 275 రూపాయలే. ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కిస్తే ఈ బీమా లేదు, ప్రభుత్వం దగ్గర లెక్కా లేదు. చట్టం తప్పితే ఏజెంటుకు రెండేళ్ల దాకా జైలు, జరిమానా రెండు వేల దాకా. రెండు వేలు! ఒక్క మనిషి మీద వాడు మిగిల్చుకునే దాంట్లో అదెంత?

ఈ చట్టంలోనే మనకు పనికొచ్చే మాట ఒకటి దాగుంది. ఏజెంటు మీద కేసుకు కేంద్రం అనుమతి కావాలంటారు, నిజమే. కానీ పోయినామె గానీ, ఆమె తరఫున అమ్మానాయన, మొగుడు, పిల్లలు, తోడబుట్టినోళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. 27వ సెక్షన్‌లో ఉంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే "ఢిల్లీ నుంచి పర్మిషన్ రావాల" అని తిప్పి పంపేదానికి కుదరదు.

ఉచిత న్యాయసహాయం మన దగ్గర లేదా? ఉంది. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, మనుషుల అక్రమ రవాణాకు బలైనోళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఇయ్యాల. 15100కు ఫోన్ చేస్తే చాలు. ఆడ కువైట్‌లో ఎంబసీకి 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది, లాయరు ఖర్చు దాంట్లోంచి పెట్టొచ్చు. ఢిల్లీలో ప్రవాసీ లీగల్ సెల్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. లాక్‌డౌన్‌లో రద్దయిన విమాన టికెట్ల డబ్బు వెనక్కిప్పించాలని సుప్రీంకోర్టుకు పోయి 2020 అక్టోబరులో ఉత్తర్వు తెచ్చింది వాళ్లే.

అన్నీ ఉండాయి, కలిపే మనిషే లేడు. నెల్లూరు కోర్టు లాయరుకు కువైట్ చట్టం తెలియదు. ఎంబసీ అధికారికి మనుబోలు ఏజెంటు తెలియదు. నడి మధ్యలో ఇంటోళ్లు పోలీస్ స్టేషన్‌కు, కలెక్టరేట్‌కు తిరగతా ఉంటారు.

దీనికి దారి కూడా అమెరికాలోనే ఉంది. ఆడ గుర్తింపు ఉన్న స్వచ్ఛంద సంస్థలో శిక్షణ తీసుకున్న మనిషి, లాయరు కాకపోయినా, న్యాయశాఖ అనుమతితో వలస కేసులు చూడొచ్చు. మన న్యాయసేవల సంస్థల్లోనూ పారాలీగల్ వాలంటీర్లు ఉండారు. కువైట్‌లో పదేళ్లు చాకిరీ చేసొచ్చి, అరబ్బీ మాట్లాడే ఆడోళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? వాళ్లను వాలంటీర్లుగా తీసుకోండి. వీసా కాయితం చదివేదెట్టో, ఎంబసీకి రాసేదెట్టో, తిరిగొచ్చే ముందు బాకీ జీతం కోసం పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావడం ఎట్టో నేర్పించండి. జిల్లా న్యాయసేవల సంస్థలో వలస కేసులకు ఒక లాయరును, ఒక బల్లను కేటాయించండి. ఇది కోట్లు అడిగే కోరిక కాదు.

అప్పటిదాకా పోయేవాళ్ల ఇంటోళ్లు ఒక పని చెయ్యండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, టికెట్, ఏజెంటుకు డబ్బిచ్చిన రసీదు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు అన్నిటికీ నకళ్లు ఇంట్లో పెట్టుకోండి. రసీదు ఇయ్యనంటే ఫోన్ పేలో కొట్టండి, చేతికియ్యొద్దు. రేపు ఏ లాయరు దగ్గరికి పోయినా మొదట అడిగేది ఆ కాయితాలే.