గజ్జె కట్టే వేళ ఊరుకోని చేయి
చర్మం గిల్లుకునే అలవాటు ప్రదర్శన ముందు తిరగబెడితే ఏం చేయాలి?

కూచిపూడి: విజయవాడ నుంచి బందరు రోడ్డున పామర్రు దాకా వచ్చి, చల్లపల్లి దారి పడితే కూచిపూడి తగులుతుంది. పక్కనే క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఆడ వేషాలు కూడా మగవారే కట్టేవారు. 2012లో కీర్తిశేషులైన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషంతో దేశమంతటా పేరు పొందారు. ఇప్పుడు నేర్చుకునే వారిలో ఆడపిల్లలే ఎక్కువ. 2016 డిసెంబరులో విజయవాడలో జరిగిన బృంద నాట్యంలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి అడుగులు వేశారు.

అంత అలంకారం వెనుక కొందరు దాచుకునే బాధ ఒకటున్నది. ప్రదర్శన దగ్గర పడేకొద్దీ చేయి ఊరుకోదు. మొహం మీది పొక్కు గిల్లుతుంది. మోచేతి మీది పెచ్చు ఊడదీస్తుంది. గోరు పక్కన లేచిన తోలు రక్తం వచ్చేదాకా పీకుతుంది. మానేశామనుకున్న అలవాటే సరిగ్గా ఆ రోజుల్లో తిరగబెడుతుంది.

ఇది ఒట్టి దురలవాటు కాదు

మన ఇళ్ళలో దీనికి తెలిసిన మందు కసరడమే. "ఏమిటే ఆ గిల్లుకోవడం? చేయి తియ్యవే" అని తల్లి ఒకటి అంటించడం మామూలు. పిల్ల చేయి తీస్తుంది. పది నిమిషాలకు ఆ చేయి మళ్ళీ అక్కడే ఉంటుంది. తాను గిల్లుకుంటున్నట్లు చాలాసార్లు తనకే తెలియదు. తెలిసినప్పుడు కూడా ఆపలేదు. గిల్లిన క్షణాన మనసుకు కాస్త ఊరట, ఆ వెంటనే సిగ్గు. ఆ సిగ్గు ఆందోళనను పెంచుతుంది, ఆందోళన మళ్ళీ చేతిని లేపుతుంది.

వైద్యులకు ఇది కొత్త సంగతి కాదు. ఎరాస్మస్ విల్సన్ అనే ఇంగ్లీషు చర్మవైద్యుడు 1875లోనే దీన్ని గురించి రాశాడు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో దీన్ని ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో కూడా దీనికి చోటున్నది. వెంట్రుకలు పీక్కునే అలవాటును ఇదే కోవలో చేర్చారు. నూటికి ఒకరిద్దరికి ఇది ఉంటుందని అంచనా. సాధారణంగా ఈడు వచ్చే వయసులో మొదలవుతుంది. వైద్యానికి వచ్చే వారిలో ఆడవారే ఎక్కువ.

ఇది అంటుకునేది కాదు. జట్టుగా ఆడేటప్పుడు పక్క పిల్ల చేయి పట్టుకుంటే ఏమీ కాదు. దిష్టి అనో, రక్తం చెడిందనో, ఎవరో ఏదో చేశారనో అనుకుని తిరగడం వల్ల పోయేది డబ్బూ కాలమూ మాత్రమే.

నర్తకికి రెండింతలు కష్టం

గిల్లుకునే అలవాటు ఉన్న గుమస్తా పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఆఫీసుకు పోవచ్చు. నర్తకికి ఆ వీలు లేదు. మోచేతి కింది భాగం, మెడ, పాదాలు అందరికీ కనిపిస్తాయి. వేళ్ళ చివర పారాణి పెట్టాలి. గోరు పక్కన తోలు లేచి ఉంటే అది భగ్గున మండుతుంది. మొహానికి రంగు వేసే గదిలో పెద్ద అద్దం, దాని చుట్టూ దీపాలు ఉంటాయి. ఈ అలవాటు ఉన్న వారికి అద్దం, వెలుగు, ఎదురుచూపు మూడూ ఒకచోట కలిస్తే అంతకంటే గడ్డు సమయం లేదు.

అరికాలి సంగతి మరీ చెప్పాలి. నేలను తన్ని తన్ని ఆనెలు కట్టిన పాదాల తోలు పీక్కునే వారున్నారు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచును కాలివేళ్ళతో బిగించి పట్టి లయ తప్పకుండా కదలాలి. పచ్చిగా ఉన్న మడమతో, వేళ్ళతో పళ్ళెం ఎక్కితే నొప్పి మాట అటుంచి, జారిపడే ప్రమాదం ఉన్నది.

ఒక పిల్ల కథ

దివిసీమ వైపు పిల్ల ఒకతె. పేరు, ఊరు రాయటం లేదు. ఎనిమిదేళ్ళుగా నాట్యం నేర్చుకుంటున్నది, ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. పదో తరగతి పరీక్షల నాడు మొదలైన అలవాటును వైద్యుని సలహాతో దాదాపు రెండేళ్ళు అదుపులో పెట్టుకున్నది. విజయవాడలో ప్రదర్శన ఖాయమైంది. ఇంకా పన్నెండు రోజులుందనగా ఒక రాత్రి దోమ కుట్టిన చోట గోకడంతో మళ్ళీ మొదలైంది. మూడో రోజుకు రెండు చేతుల మీద పుండ్లు, ఎడమ మడమ పచ్చి.

రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్లయిందని ఆ పిల్ల ఏడ్చింది. ప్రదర్శన మానేస్తానన్నది. తల్లి మాత్రం ఎవరికీ చెప్పకుండా రంగు దట్టంగా పూసి ఆడిద్దామన్నది. ఇద్దరి మధ్య రెండు రోజులు మాటలు లేవు. చివరకు పిల్లే ధైర్యం చేసి మాస్టారికి చేతులు చూపించింది. ఆయన తిట్టలేదు. పళ్ళెం మీది తరంగం తీసేసి, ప్రవేశ దరువు ఉంచారు. చేతుల పొడుగు పెంచి రవిక కుట్టించమన్నారు. అద్దం ముందు ఒంటరిగా కూర్చోకుండా ఒక అక్కను తోడు పెట్టారు.

ఆ పిల్ల ఆడింది. మచ్చలు పూర్తిగా మాయం కాలేదు. ముందు వరుసలోని వారికి ఒకటి రెండు కనిపించే ఉంటాయి. తరంగం పోయిందన్న దిగులు ఆమెకు ఇప్పటికీ ఉన్నది. కాని వేదిక ఎక్కకుండా ఇంట్లో కూర్చుని ఉంటే ఆ దిగులు ఇంకా పెద్దదై ఉండేది.

చేతికి వేరే పని

ఈ అలవాటుకు ఎక్కువగా వాడే చికిత్సకు మూలం 1973 నాటిది. ఆజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు దాన్ని ప్రకటించారు. అందులో రెండు మెట్లు ముఖ్యం. మొదటిది, చేయి ఎప్పుడు, ఎక్కడ, ఏ పని మధ్యలో లేస్తున్నదో కనిపెట్టి రాసుకోవడం. రెండవది, లేవబోతున్నట్లు తెలియగానే గిల్లడానికి వీలులేని వేరే పని ఒక నిమిషమో, కాస్త ఎక్కువో చేతికి ఇవ్వడం. పిడికిలి బిగించడం అందులో ఒకటి. మన నాట్యం పిల్లలకు దీన్ని వేరే నేర్పనక్కరలేదు. అభినయ దర్పణంలోని ముష్టి హస్తం అదే కదా! బస్సులో కూర్చున్నా, చదువుకుంటున్నా ముష్టి పట్టి నిదానంగా ఊపిరి తీసి వదలవచ్చు. చూసేవారికి సాధన చేస్తున్నట్లే ఉంటుంది.

మందులూ ఉన్నాయి. 2016లో అమెరికాలో 66 మందిపై 12 వారాలు జరిపిన పరీక్షలో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు తీసుకున్న వారిలో దాదాపు సగం మందికి బాగా మెరుగు కనిపించింది. అందరికీ పనిచేస్తుందని కాదు. వైద్యుని అడగకుండా వాడరాదు. పది రోజుల్లో ఉన్న ప్రదర్శన కోసం కొత్తగా మందు మొదలుపెట్టి అద్భుతం ఆశించడమూ తగదు.

ఆ పది రోజులూ

గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి. ఎక్కువగా పీకే వేళ్ళకు రాత్రి పూట ప్లాస్టరు చుట్టుకోవచ్చు. ఇంట్లో పెద్ద అద్దం మీద గుడ్డ కప్పాలి. దోమతెర కట్టుకోవాలి, మన డెల్టాలో కొత్త పుండుకు దోమకాటే సాకు.

పచ్చి పుండును సబ్బుతో, మంచినీళ్ళతో కడిగి, పలచగా వేజలైన్ రాసి శుభ్రమైన గుడ్డ కట్టాలి. తడి ఉంటే పెచ్చు గట్టిపడదు, పెచ్చు లేకపోతే గిల్లడానికి చేతికి దొరకదు. సున్నం, ఆకు పసర్లు పెట్టరాదు. పచ్చి పుండు మీద రంగు, పౌడరు, పారాణి వేయరాదు. ఒకరికి వాడిన కుంచె, స్పాంజి మరొకరికి వాడరాదు. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. షుగరు ఉన్న వారు అసలు ఆలస్యం చేయరాదు.

అన్నిటికంటే ముందు గురువుకు, రంగు వేసే వారికి చెప్పాలి. ముందుగా తెలిస్తే వారు దుస్తులు మార్చగలరు, అంశం మార్చగలరు. ఆఖరు నిమిషాన తెలిస్తే వారూ కంగారు పడతారు, పిల్లనూ కంగారు పెడతారు.

ఇంటివారు చేయవలసింది

ఒకసారి తిరగబెట్టినంత మాత్రాన మొదటికి వచ్చినట్లు కాదు. రెండేళ్ళు చేతిని ఆపిన పిల్లకు ఆపడం ఎలాగో తెలుసు. మన పొలాల్లో కాలువ గట్టు ఒకచోట గండి పడితే ఊరంతా పోయి పూడుస్తారే గాని, కాలువే దండగని వదిలేయరు. తల్లిదండ్రులు చేతుల వంక చూసి లెక్కపెట్టడం మానాలి. నలుగురి ముందు "చూడండి దీని చేతులు" అని చూపించడం అంతకంటే ముందు మానాలి. "సాధన ఎలా సాగుతున్నదమ్మా?" అని అడిగితే చాలు.

విజయవాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. అక్కడికి వెళ్ళేది పిచ్చివారు మాత్రమే అన్న భయం వదలాలి. ప్రయాణం కుదరని వారికి 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. గజ్జెలు సర్దుకునే పెట్టె మూత లోపల ఆ అంకెలు రాసి ఉంచుకుంటే మంచిది.