కణం దారి తేల్చేది మోతాదే!

నీట్ ఫలితాలు వచ్చిన వారం రోజులు కర్నూలు, కడపల్లో బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట: ‘‘సీటు రాకపాయె, ఇంగేం జేస్తావు?’’ లాంగ్‌టర్మ్ కోచింగో, లేదంటే బీఎస్సీలో ఏదో ఒక గ్రూపో! ఆ ‘ఏదో ఒక గ్రూపు’ బయోటెక్నాలజీయో జువాలజీయో అయితే అందులో పిండాభివృద్ధి పాఠం ఉంటుంది. చాలామంది బొమ్మలు బట్టీపట్టి, పరీక్ష రాసి వదిలేసే పాఠం అది. మధుమేహానికీ, చూపు లోపాలకూ కొత్త చికిత్సల కోసం జరుగుతున్న పరిశోధనలో పెద్ద భాగం దానిమీదే నిలబడి ఉందని క్లాసులో ఎవరూ చెప్పరు.

ఫలదీకరణ జరిగిన ఐదారు రోజులకు మానవ పిండం సన్నటి బుడగలా ఉంటుంది. దాని లోపల ఒక పక్కకు గుత్తిగా ఉండే కొద్దిపాటి కణాల నుంచే గుండె, మెదడు, చర్మం అన్నీ తయారవుతాయి. ఆ కణాలను వేరుచేసి ల్యాబ్‌లో పెంచితే అవే పిండ మూలకణాలు. ఎలుకల్లో 1981లో, మనుషుల్లో 1998లో ఇది సాధ్యమైంది. మానవ కణాలను పెంచింది అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం.

వీటిని విత్తనాలతో పోల్చడం మామూలే. కానీ ఆ పోలిక సగమే సరి. గాదెలోని కందిగింజ వాన పడేదాకా ఊరికే ఉంటుంది. మూలకణం అలా నిద్రపోదు. విభజన చెందుతూ, తనలాంటి కణాలనే పుట్టిస్తూ ఉంటుంది. మారకుండా అలాగే కొనసాగాలా, నాడీకణంగానో గుండె కణంగానో మారాలా అన్నది చుట్టూ ఉన్న సంకేత అణువులను బట్టి ఉంటుంది.

ఈ అణువులు చాలావరకు ప్రొటీన్లే. అవి కణం లోపలికి వెళ్లక్కర్లేదు. పైపొర మీదున్న గ్రాహకానికి తగులుకుంటే చాలు, లోపల ఒక ప్రొటీన్ నుంచి మరోదానికి కబురు అందుతూ పోయి చివరికి కేంద్రకంలో కొన్ని జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి, కొన్ని ఆగిపోతాయి. ఎలుక మూలకణాలను మారకుండా నిలబెట్టే ఎల్‌ఐఎఫ్ అనే అణువును 1988లో గుర్తించారు. తమాషా ఏమిటంటే, ‘ఇక మారు’ అనే సంకేతం ఒకటి ఆ కణమే విడుదల చేసుకుంటుంది. దాని పేరు ఎఫ్‌జీఎఫ్-4. ఆ కబురు అందే దారిని ఒక రసాయనంతో మూసేసి, జీఎస్‌కే-3 అనే ఎంజైమును మరో రసాయనంతో అడ్డుకుంటే ఎల్‌ఐఎఫ్ లేకున్నా ఎలుక కణాలు అలాగే ఉండిపోతాయని 2008లో తేలింది.

మరి మనిషి కణాలకూ ఇదే సూత్రమా? కాదు. వాటికి ఎల్‌ఐఎఫ్ సరిపోదు. ఎఫ్‌జీఎఫ్-2, యాక్టివిన్ లాంటివి కావాలి. బీఎంపీ-4 అనే ప్రొటీన్ ఎల్‌ఐఎఫ్‌తో కలిస్తే ఎలుక కణాలను నిలబెడుతుంది. అదే ప్రొటీన్ మానవ కణాలను మాయను ఏర్పరిచే కణాల్లాంటి వాటివైపు నెడుతుంది. ఎలుక పద్ధతిని కళ్లుమూసుకుని మానవ కణాల మీద వాడితే ప్లేటు మొత్తం పాడైనట్టే!

మోతాదు సంగతి ఇంకా విచిత్రం. యాక్టివిన్ తక్కువగా ఉన్నప్పుడు, ఎఫ్‌జీఎఫ్-2 తోడుంటే మానవ మూలకణం మారకుండా ఉంటుంది. అదే యాక్టివిన్‌ను మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల దాకా పెంచి, సీరమ్ తగ్గిస్తే కాలేయం, క్లోమం లాంటివి పుట్టే పొరగా మారుతుంది. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లో వంతు. ఆ పొర నుంచి ఒక్కో దశలో ఒక్కో అణువు కలుపుతూ పోతే ఇన్సులిన్ తయారుచేసే కణాలు వస్తాయి. వరుస తప్పినా, రోజులు తప్పినా రావు.

ఇలా తయారుచేసిన కణాలను టైప్-1 మధుమేహ రోగులకు ఇచ్చిన ప్రయోగ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. పూర్తి మోతాదు అందుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం పడలేదు. అయితే శరీరం ఆ కణాలను తిప్పికొట్టకుండా వాళ్లు వేరే మందులు వాడుతూ ఉండాలి. కాబట్టి ఇంకా సంబరపడే వేళ కాలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ‘స్టెమ్‌సెల్ చికిత్సతో నయం’ అనే ప్రకటనలు చూసి లక్షలు పోసే కుటుంబాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే ఎముక మజ్జ తరహా మార్పిడి మినహా మిగతావి అనుమతి పొందిన ప్రయోగాలుగానే జరగాలి. ప్రయోగంలో చేర్చుకున్నామంటూ రోగి దగ్గర ఫీజు అడిగితే అనుమానించాల్సిందే. ఈ సబ్జెక్టు చదివే పిల్లలు ఇంట్లోవాళ్లకు చేయగల మొదటి సాయం ఈ మాట చెప్పడమే.

ఇంతకీ ఈ పని మనకు దూరమా? కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద అటూ ఇటూ చూడండి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఎల్వీ ప్రసాద్‌లో సున్నం, రసాయనాలు పడి కంటి అంచు మూలకణాలు దెబ్బతిన్నవారికి, అలాంటి కణాలనే పెంచి అమర్చే చికిత్స 2001 నుంచీ ఉంది. అవి పెద్దవారిలో ఉండే మూలకణాలు, పిండానివి కావు. ఇటు బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రంలో మనీషా ఇనాందార్ బృందం, పనికిరావని పక్కనపెట్టిన పిండాల నుంచి రెండు మానవ మూలకణ శ్రేణులను తయారుచేసి 2009లో ప్రకటించింది. మూలకణాల కోసమే ఇన్‌స్టెమ్ అనే సంస్థ కూడా అక్కడే ఉంది.

ఇంటర్ పూర్తయినవారు ఐఏటీ రాసి తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరొచ్చు. నీట్‌తో పాటే దీనికీ దరఖాస్తు చేయనివాళ్లే ఎక్కువ, అది పొరపాటు. ఇప్పటికే బీఎస్సీలో ఉంటే పీజీసెట్‌తో కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాలు, జాతీయ స్థాయిలో గాట్-బీ, జామ్ పరీక్షలు ఉన్నాయి. పీజీ తర్వాత పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్ లేదా బీఈటీ. రెండో ఏడాది నుంచే సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు ప్రయత్నించండి. పైపెట్ పట్టడం, పలుచన లెక్కలు, కొంచెం గణాంకాలు ముందే వస్తే మేలు.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. మానవ మూలకణాలకు దాదాపు రోజూ పోషక ద్రవం మార్చాలి, ఆదివారమైనా పండగైనా. మైక్రోస్కోపులో గుంపు అంచులు నున్నగా, దగ్గరగా కనిపిస్తే బాగున్నట్టు. అంచు కణాలు చప్పబడి పరుచుకుంటుంటే మార్పు మొదలైనట్టు. ఆ తేడా పుస్తకం చదివితే రాదు, చూసి చూసి పట్టుకోవాల్సిందే.

‘‘డాక్టరు కాకపోతే జీతమెంత?’’ అని ఇంట్లో అడిగితే ఈ లెక్క చెప్పండి. జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ చదువుతూనే అందే డబ్బు ఇది.