ఏఆర్‌టీ మందులు కేంద్రంలో.. మిగతా వైద్యం మన ఊరి డాక్టరు వద్ద
హెచ్‌ఐవీ చికిత్సపై కుటుంబ వైద్యులకు నిరంతర శిక్షణ ఆవశ్యకం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: హెచ్‌ఐవీ సోకిందంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమేనన్న కాలం గతించింది. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత ఏఆర్‌టీ మందుల పంపిణీ ఆరంభమైంది. నాటి నుంచి మందులు వాడుతూ పనిపాటలు చేసుకుంటున్నవారికి ఇప్పుడు వయసు మీద పడుతోంది. బీపీ, మధుమేహం, కడుపులో మంట అందరిలాగే వారికీ వస్తున్నాయి. వీటి కోసం ఏఆర్‌టీ కేంద్రం దాకా ఎవరు వెళతారు? వీధి చివరి డాక్టరునే ఆశ్రయిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది.

ప్రస్తుతం ప్రభుత్వం ప్రధానంగా ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. కడుపుమంటకు వాడే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌ను దీనితోపాటే తాగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. సిరప్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి. పరగడుపున ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకున్నా ఇదే ఇబ్బంది; భోజనంతో అయితే కలిపి తీసుకోవచ్చు. గర్భిణులకు ఐరన్ మాత్రలు రాయని వైద్యుడు ఉండడు కనుక ఇది చిన్న విషయం కాదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటనీయరాదు. క్షయకు రిఫాంపిసిన్ ఆరంభిస్తే డోలుటెగ్రావిర్‌ను పన్నెండు గంటల ఎడంతో మరో మోతాదు కలపాలి. 2004కు ముందు ఎంబీబీఎస్ పూర్తిచేసిన వైద్యుల పాఠ్యపుస్తకాలలో డోలుటెగ్రావిర్ పేరే లేదు.

రోగి నోరు విప్పడు. ఊళ్లో తెలిస్తే పరువు పోతుందన్న భయం అతనిది. తలుపు వేసి, పక్కన ఎవరూ లేకుండా 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా' అని అడగడం కూడా వైద్యంలో భాగమే. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగి సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు, వివరాలు బయటపెట్టరాదు, వైద్యం నిరాకరించరాదు. సూది గుచ్చుకున్న నర్సుకు 72 గంటలు దాటకుండా, వీలైనంత త్వరగా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడించాలన్న సంగతీ ప్రతి నర్సింగ్‌హోమ్‌లో తెలిసి ఉండాలి.

పొట్ట చేతపట్టుకుని ముంబయి, పుణె వెళ్లే పాలమూరు వలస కూలీల సంగతి వేరు. పండుగకు ఊరికొచ్చి మందులు అయిపోయినవారికి జ్వరం మాత్ర ఇచ్చి పంపక, ఆరోజే సమీప ఏఆర్‌టీ కేంద్రానికి పంపాలి. మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది, మందులకు లొంగకుండానూ పోవచ్చు.

అయిదేళ్లకు 30 గంటల నిరంతర వైద్య విద్య పొందాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలలోనే నిర్దేశించింది. అయితే ఒంటరిగా క్లినిక్ నడిపే వైద్యుడు ఓపీ మూసి హైదరాబాద్ వెళ్లి రావడం తేలిక కాదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఆదివారం పూట అక్కడే రెండు గంటల తరగతి పెట్టి, ఏఆర్‌టీ కేంద్రం వైద్యాధికారితో ముఖాముఖి ఏర్పాటుచేస్తే గద్వాల వైద్యులు సైతం వచ్చిపోగలరు. ఆ అధికారి ఫోన్ నంబరు క్లినిక్ బల్లపై ఉంటే సగం సందేహాలు అక్కడికక్కడే తీరతాయి.